డ్రోన్ ఎగరేసే ముందు: ఏ కాగితం కావాలి, ఏది అక్కర్లేదు

పెళ్లి వీడియోలో డ్రోన్ షాట్, వరి పొలంలో మందు కొట్టే డ్రోన్, ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. మూడూ ఒకే రూల్స్ కిందికి వస్తాయి గానీ మూడింటికీ కావలసిన కాగితాలు వేరు. 'చిన్న డ్రోనే కదా, పర్మిషన్ ఎందుకు' అనే మాట మీరూ వినే ఉంటారు. అందులో సగమే నిజం. రూల్స్‌లో మినహాయింపులు బాగానే ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ సర్టిఫికెట్లకు, ఇన్సూరెన్స్‌కు సంబంధించినవి. ఎక్కడ ఎగరేయాలన్న దగ్గర మాత్రం 200 గ్రాముల డ్రోన్‌కైనా 20 కిలోల డ్రోన్‌కైనా ఒకటే రూలు.

పని మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సమాచారంలో చాలావరకు పాతది. 2018 డిసెంబరులో అమల్లోకి వచ్చిన నిబంధనలు వేరు, 2021 మార్చిలో వచ్చినవి వేరు. ఆ రెండూ ఇప్పుడు లేవు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్, వాటికి 2022 ఫిబ్రవరిలోనూ 2023 సెప్టెంబరులోనూ 2024 ఆగస్టులోనూ చేసిన సవరణలు, ఇవే మీకు కావలసినవి. పాత పద్ధతిలో 25 ఫారాలుండేవి, ఇప్పుడు 5. విమానాశ్రయం నుంచి 45 కిలోమీటర్ల దాకా ఆంక్షలుండేవి, ఇప్పుడు 12కి తగ్గాయి. ఎవరైనా 45 కిలోమీటర్లు అని చెబితే వాళ్లు చదివింది పాత కాగితమని అర్థం. 2025 సెప్టెంబరులో కేంద్రం పౌర డ్రోన్ల మీద కొత్త బిల్లు ముసాయిదా కూడా బయటపెట్టింది కాబట్టి, డ్రోన్ కొనే ముందు పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

ముందు కాటా మీద పెట్టండి

మీ డ్రోన్‌కి ఏ కాగితాలు కావాలో తేల్చేది దాని బరువు. కంపెనీ డబ్బా మీద రాసిన బరువు కాదు, టేకాఫ్ అయ్యేటప్పుడు ఉండే మొత్తం బరువు. బ్యాటరీ, కెమెరా, మెమరీ కార్డు, ప్రొపెల్లర్లకు తొడిగే గార్డులు, స్ప్రే డ్రోన్ అయితే ట్యాంకులో మందుతో సహా అన్నీ కలిపి తూచాలి.

250 గ్రాముల వరకు నానో. అది దాటి 2 కిలోల వరకు మైక్రో. 2 నుంచి 25 కిలోలు స్మాల్, 25 నుంచి 150 మీడియం, ఆపైన లార్జ్.

మార్కెట్లో 249 గ్రాముల డ్రోన్లు ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. గీత దాటకుండా ఉండాలనే ఆ లెక్క. కానీ దానికి గార్డులు తొడిగి, రాత్రి పూట కనబడాలని పైన చిన్న బ్లింకర్ లైటు అతికించి వంటింట్లో ఉండే డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. అంకె 250 దాటుతుంది. దాటిన క్షణంలో అది మైక్రో, నానోకి ఇచ్చిన మినహాయింపులు దానికి వర్తించవు. షూటింగ్‌కి ఎలా తీసుకెళ్తారో అలాగే తయారు చేసి తూచండి, ఆ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ఎవరైనా అడిగితే పనికొస్తుంది.

ఎవరికి ఏది మాఫీ

నానో అయితే టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. టైప్ సర్టిఫికెట్ అంటే ఫలానా మోడల్ డ్రోన్ ప్రమాణాలకు తగ్గట్టు ఉందని ఆ మోడల్‌కి ఇచ్చే ధ్రువీకరణ. దాన్ని తయారుచేసినవాళ్లు తెచ్చుకోవాలి. మీరు చేయాల్సిందల్లా కొనేముందు ఆ నంబరు అడగడం.

మైక్రో డ్రోన్‌ను డబ్బు కోసం కాకుండా సొంత సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇన్సూరెన్స్ మాత్రం కావాలి. ఇక్కడే అందరికీ సందేహం: డబ్బు కోసం అంటే ఏమిటి? పెళ్లికి అడ్వాన్స్ తీసుకుని షూట్ చేస్తే వాణిజ్యం, అందులో వాదన లేదు. బావమరిది పెళ్లికి ఊరికే తీస్తే సరదా. రియల్ ఎస్టేట్ వెంచర్‌కి ఫ్రీగా తీసిపెట్టి తర్వాత ఆల్బమ్ ఆర్డర్ తీసుకుంటే? యూట్యూబ్ చానెల్‌కి యాడ్స్ వస్తుంటే? నేనైతే ఈ రెండూ వాణిజ్యం కిందే లెక్కేస్తాను. సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఆ వాదన పెట్టుకోవడం కన్నా తేలిక.

25 కిలోల లోపు బరువుండి, చదువుకో పరిశోధనకో సరదాకో మాత్రమే, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే డ్రోన్లను మోడల్ డ్రోన్లంటారు. విడిభాగాలు తెచ్చి ఇంట్లో తయారుచేసుకునే కుర్రాళ్లకు ఇది ఊరట, వీటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు, కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లకు, జీఎస్టీ నంబరున్న తయారీదారులకు ఇంకా పెద్ద మినహాయింపు ఉంది. పరిశోధన, అభివృద్ధి పనికి టైప్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ మూడూ అక్కర్లేదు. కానీ షరతు చూడండి: గ్రీన్ జోన్‌లో (ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ముందస్తు అనుమతి అక్కర్లేదని చూపించే ప్రాంతం, దాని సంగతి కింద చెబుతాను), తమ ఆవరణలో లేదా తమ అధీనంలో ఉన్న ఖాళీ స్థలంలో మాత్రమే. హైదరాబాద్‌లో దుండిగల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. అక్కడే ఎయిర్ ఫోర్స్ అకాడమీ కూడా ఉంది. కాలేజీ ప్రాజెక్టు కదా అని మ్యాప్ చూడకుండా గ్రౌండ్‌లో ఎగరేస్తే ఆ మినహాయింపు మిమ్మల్ని కాపాడదు.

ఇక రూల్స్ అసలే వర్తించనివి సైన్యం, నౌకాదళం, వైమానిక దళం డ్రోన్లు. మిగతా ప్రభుత్వ పనులకు కేంద్రం విడిగా, షరతులతో, కాలపరిమితితో సడలింపు ఇస్తుంది. వికారాబాద్‌లో 2021 సెప్టెంబరులో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం అలా జరిగిందే. కంటి చూపు దాటి ఎగరేయడానికి తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుంది. అది చూపించి 'వాళ్లు పంపారుగా, మేం మెడికల్ షాపు మందులు పంపితే ఏం' అంటే కుదరదు.

కొనేటప్పుడు

దుబాయ్‌లో ఉండే మేనమామో, డాలస్‌లో ఉండే అక్కో వచ్చేటప్పుడు డ్రోన్ తెమ్మని చెప్పే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. చెప్పకండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు, దానికీ ముందుగా అనుమతి ఉండాలి. విడిభాగాల దిగుమతికి మాత్రం అడ్డు లేదు. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు పెట్టె తెరిపిస్తే డ్రోన్ అక్కడే ఆగిపోతుంది. వచ్చిన చుట్టానికి టెన్షన్, మీకు మాట.

బయటికి తెచ్చుకున్నా పని అక్కడితో అవదు. టైప్ సర్టిఫికెట్ లేని మోడల్‌కి పెళ్లి షూటింగ్ లాంటి పనుల కోసం రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవడం దగ్గరే ఆగిపోతారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడూ ఇదే చిక్కు. అమ్మేవాడి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందా, మీ పేరుకి మార్చి ఇస్తాడా అని ముందే అడగండి. 'బిల్లు ఉంది సార్' అంటాడు. బిల్లు వేరు, రిజిస్ట్రేషన్ వేరు.

రిజిస్ట్రేషన్ నంబరు

బండికి నంబరు ప్లేటులాగా డ్రోన్‌కి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తారు. అందరూ యూఐఎన్ అంటారు. డీజీసీఏ పోర్టల్‌లో ఫారం డి-2 నింపి రూ.100 కట్టాలి. మోడల్ టైప్ సర్టిఫికెట్ నంబరు, డ్రోన్ సీరియల్ నంబరు, లోపల ఉండే ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ సీరియల్ నంబరు, రిమోట్ సీరియల్ నంబరు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఈ నంబర్ల కోసం మధ్యలో లేచి వెతికేసరికి సెషన్ అయిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

రిపేరుకిచ్చినప్పుడు మాడ్యూల్ మారిస్తే పోర్టల్‌లో ఆ వివరం కూడా మార్చాలి. రిపేరు షాపులో పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయించుకోండి.

పైలట్ సర్టిఫికెట్

వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో కోర్సు చేసి పరీక్ష పాసవ్వాలి. ఇంతకుముందు దీన్ని లైసెన్సు అనేవారు. 2022 సవరణతో సర్టిఫికెట్ అయింది, శిక్షణ సంస్థే జారీ చేస్తుంది, ఢిల్లీ నుంచి రావాలని ఎదురుచూడనక్కర్లేదు. 2023 సవరణతో పాస్‌పోర్టు తప్పనిసరి అన్న నిబంధన కూడా తీసేశారు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలు. పల్లెల్లో స్ప్రే డ్రోన్ నేర్చుకుందామనుకున్న చాలామందికి అడ్డుపడ్డది ఆ పాస్‌పోర్టే, కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది.

శిక్షణకు హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఏ సంస్థలో చేరినా, ఫీజు కట్టేముందు డీజీసీఏ జాబితాలో వాళ్ల పేరుందో లేదో మీరే చూడండి. 'త్వరలో గుర్తింపు వస్తుంది' అనే చోట చేరకండి.

స్ప్రే డ్రోన్ పట్టే రైతులకు, స్వయం సహాయక సంఘాల మహిళలకు ఒక మాట. 10 లీటర్ల ట్యాంకు డ్రోన్లను నిండు ట్యాంకుతో కూడా 25 కిలోల లోపే ఉండేట్టు తయారుచేస్తారు. అది స్మాల్ తరగతి. మైక్రో, నానోలకు ఉన్న వెసులుబాట్లు వాటికి లేవు, సొంత పొలంలో కొట్టుకున్నా సర్టిఫికెట్ ఉన్న పైలటే పట్టాలి. పిచికారీకి వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ముందు రోజే చెప్పడం. పంచాయతీకి, వ్యవసాయ అధికారికి, పక్క పొలం వాళ్లకు ఒక రోజు ముందే తెలియాలి. పక్కన పట్టు పురుగుల కోసం మల్బరీ వేసినవాళ్లో, తేనెటీగల పెట్టెలు పెట్టినవాళ్లో ఉంటే గాలి అటు తిరిగినప్పుడు గొడవ ఖాయం.

అసలు పని: మ్యాప్

డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పోర్టల్‌లో దేశం మొత్తం మ్యాప్ ఉంటుంది. 2021 సెప్టెంబరు 24న పెట్టారు. మూడు రంగులు. గ్రీన్‌లో నేల నుంచి 400 అడుగుల ఎత్తు వరకు, అంటే దాదాపు 120 మీటర్లు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. యెల్లోలో అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్‌లో కేంద్రం అనుమతి లేకుండా అడుగు పైకి లేవకూడదు.

విమానాశ్రయాల దగ్గర లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది. ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు ఉంటే 200 అడుగుల వరకే గ్రీన్, ఆపైన యెల్లో. 8 లోపల స్వేచ్ఛగా ఎగరేసే చోటు ఉండదనుకోండి. ఇంకో సంగతి, గ్రీన్ ప్రాంతంలో కూడా 400 అడుగులు దాటితే మీరున్నది యెల్లోలోనే. రంగు నేల మీదే కాదు, ఎత్తును బట్టి కూడా మారుతుంది.

హైదరాబాద్ వాళ్లు మ్యాప్ తెరిస్తే మొదట నిరుత్సాహపడతారు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ వలయాలు ఒకదాన్నొకటి తాకుతూ ఊరిని చుట్టేస్తాయి. విశాఖలో విమానాశ్రయమే నౌకాదళానిది, పైగా తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు. నౌకాదళ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్లు డ్రోన్లకు నిషేధమని నేవీ 2021లోనే ప్రకటించింది. బీచ్ రోడ్డు మీద ప్రీ వెడ్డింగ్ షూట్ అడిగే పార్టీకి ఈ విషయం ఒప్పుకునే ముందే చెప్పేయండి. అడ్వాన్స్ తీసుకున్నాక చెబితే బాగుండదు.

చూసే పద్ధతి ఇది. ఊరి పేరు కొట్టి రంగు చూసి వదిలేయకండి. పెళ్లి మండపం ఉన్న స్థలాన్ని జూమ్ చేసి పిన్ పెట్టండి, ఊరేగింపు వెళ్లే దారి మొత్తం చూడండి. మండపం గ్రీన్‌లో ఉండి, గుడి యెల్లోలో ఉండొచ్చు. తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. బుకింగ్ రోజు ఒకసారి, షూటింగ్ రోజు పొద్దున మళ్లీ ఒకసారి.

రెండోసారి ఎందుకంటే, రాష్ట్రాలకు ఒక అధికారం ఉంది. ఎస్పీ హోదాకు తగ్గని అధికారి ఏ ప్రాంతాన్నైనా ఒక్కోసారి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. ముఖ్యమంత్రి పర్యటన, బహిరంగ సభ, పెద్ద జాతర, కారణం ఏదైనా కావచ్చు. మీ మండల కేంద్రంలో హెలిప్యాడ్ కడుతున్నారంటే మీ పెళ్లి షూట్ ప్లాన్ మారిందని అర్థం. ఇది కాక గణతంత్ర దినోత్సవం లాంటి సందర్భాల్లో పోలీసు కమిషనర్లు డ్రోన్ల మీద విడిగా నిషేధ ఉత్తర్వులు ఇస్తుంటారు. అవి పేపర్లో వస్తాయి, మ్యాప్‌లో కనిపించకపోవచ్చు. స్టేషన్‌కి ఒక ఫోన్ కొట్టి కనుక్కోవడం ఉత్తమం.

మ్యాప్ గ్రీన్ అన్నా వేరేవాళ్లు వద్దనే చోట్లు

గాలి కేంద్రానిది, నేల మాత్రం ఎవరో ఒకరిది. తిరుమల కొండ మీద డ్రోన్‌కి టీటీడీ ఒప్పుకోదు, ప్రయత్నించినవాళ్ల మీద కేసులు పెట్టింది. గోల్కొండ, చార్మినార్, రామప్ప, లేపాక్షి లాంటి రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. నల్లమల లోపల, అటు నాగార్జునసాగర్ శ్రీశైలం వైపు అయినా ఇటు అమ్రాబాద్ వైపు అయినా, పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖను అడగాలి. దరఖాస్తు పెట్టి రోజుల తరబడి ఆగే ఓపిక లేకపోతే వేరే లొకేషన్ చూసుకోండి.

ఇళ్ల మీదుగా తిప్పడం ఇంకో తలనొప్పి. డాబా మీద బట్టలు ఆరేసుకుంటున్న ఆడవాళ్లు మీ ఫ్రేములో పడితే మీ ఉద్దేశం ఎవరూ అడగరు. చుట్టుపక్కల నాలుగిళ్లకు ముందే చెప్పండి.

ఎగరేసే రోజు

సంచిలో నాలుగు ఉండాలి: యూఐఎన్ ప్రింటు, పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పాలసీ, మ్యాప్ స్క్రీన్‌షాట్. గ్రీన్ జోన్‌లో పోలీసుల ముందస్తు అనుమతి తెచ్చుకోవాలని డ్రోన్ రూల్స్‌లో లేదు. అయినా ముందు రోజు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. రూల్ అడగని పనే, కానీ రాత్రి ఊరేగింపులో కానిస్టేబుల్ ఆపినప్పుడు రూల్ పుస్తకం కన్నా ఆ ముద్రే త్వరగా పనిచేస్తుంది. ఆపితే డ్రోన్ దింపేసి మాట్లాడండి. పైన ఉంచి వాదించకండి, బ్యాటరీ అయిపోతుంటుంది.

విమానం గానీ హెలికాప్టర్ గానీ కనిపిస్తే దారి ఇవ్వాల్సింది మీరే, వెంటనే దింపండి. వరదలప్పుడు ఇది మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డ్రోన్లతో భోజనం, మందులు పంపారు. కానీ అవి అధికారులు నడిపించినవి, పైన హెలికాప్టర్లు కూడా తిరుగుతున్నాయి. సాయం చేద్దామని సొంతంగా లేపకండి. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, 'నా దగ్గర డ్రోన్ ఉంది, సర్టిఫికెట్ ఉంది' అని చెప్పండి. అవసరమైతే వాళ్లే పిలుస్తారు.

రూల్స్ తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితేనో, నిషేధ ఉత్తర్వు ఉన్న చోట ఎగరేస్తేనో పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు వేరే.

ఏదైనా జరిగితే, అమ్మేస్తే

డ్రోన్ కూలి ప్రమాదం జరిగితే 48 గంటల్లోపు పోర్టల్ ద్వారా డీజీసీఏకి తెలియజేయాలి. ముందు దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లండి, తర్వాత కూలిన చోటే ఫొటోలు తీయండి, మెమరీ కార్డు చెరిపేయకండి, ఇన్సూరెన్స్ వాళ్లకు అదే రోజు చెప్పండి. డ్రోన్ చెరువులో పడి పోయినా, పాడైపోయి పక్కన పడేసినా, ఎవరికైనా అమ్మేసినా ఫారం డి-3 పెట్టాలి. అమ్మినప్పుడు డబ్బు చేతికొచ్చింది కదా అని ఇది వాయిదా వేయకండి. కొన్నవాడు రేపు దాన్ని రెడ్ జోన్‌లో ఎగరేస్తే ఆ నంబరు మీద వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.